వెస్లీ గారి డాలర్ మీది గీత

మన నాణేల సంఘం అధ్యక్షులు హార్లన్ స్టాడర్డ్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, మెడలో భూతద్దాలు వేలాడేసుకొచ్చిన మిత్రులకు, ఇవాళైనా తొందరగా ఇంటికి రమ్మన్న మా ఆవిడ డోరతీకి నమస్కారం. ముప్పై ఎనిమిదేళ్లుగా ప్రతి శనివారం ఈ బల్ల వెనక కూర్చుని, మీరు తెచ్చిన పాత వెండి డాలర్లు అసలువో నకిలీవో చెబుతూ వచ్చాను, ఇవాళ్టితో ఆ పని మానేస్తున్నాను. ఒకసారి ఎడ్నా గారి డాలర్ అయస్కాంతానికి ఠక్కున అతుక్కుంటే, "మా తాత మంచివాడేనండీ, నాణెమే చెడిపోయింది" అన్నారావిడ. (నవ్వులు) నవ్వండి. ఇకపై నేను నవ్వించేదేమీ లేదు.

మన కార్సన్ సిటీ టంకశాల డాలర్‌ను గుర్తుపట్టడం ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. వెనక్కి తిప్పితే గద్ద కింద, ఆకుల దండ ముడికి దిగువన రెండు 'సి' అక్షరాలుంటాయి. మామూలు డాలర్‌కు ఆ అక్షరాలు అతికించి అమ్మే ఘనులున్నారు కాబట్టి చుట్టూ అతుకు కోసం వెతుకుతాం. అతుకైతే గీత పల్లంగా ఉంటుంది. టంకశాలలో అచ్చు పగిలి పడ్డ గీతయితే ఉబ్బెత్తుగా ఉంటుంది, అది అసలుకే గుర్తు.

ఎనభై ఏడు అక్టోబరులో వెస్లీ ట్రెగాస్కిస్ గారు, ఇదే వీధిలో గడియారాలు బాగుచేసేవారు, గనిలో పనిచేసిన వాళ్ల తాత దాచుకున్న డాలర్ తెచ్చారు. నలభై మంది చూస్తున్నారు. అక్షరాల మీదుగా గీత కనబడగానే నేను అతుకు అనేశాను. ఆయన తగ్గు గొంతుతో, "ఎమ్మెట్, దీపం కింద పెట్టి ఇంకొక్కసారి చూడవయ్యా" అన్నారు. అక్కర్లేదన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "గడియారాలు విప్పే చేతికి రెండక్షరాలు అతికించడం ఎంతసేపు?" అన్నాను. అందరూ నవ్వారు. మరుసటి శనివారం మన సభ్యుల పట్టికలోంచి ఆయన పేరు కొట్టేశాం. హార్లన్, నువ్వూ చెయ్యెత్తావు. దొంగచేతిలో గడియారం ఎవరు పెడతారు? రెండు చలికాలాలకు దుకాణం మూతపడింది, ఆ వసంతంలో ఆయన పోయారు.

పదకొండేళ్ల క్రితం రీనో నుంచి ఒకాయన, వెస్లీ గారి దాని మీదున్న సంవత్సరమే ఉన్న డాలర్ తెచ్చాడు. రెండో 'సి' మీదుగా అదే చోట, అదే వంపుతో అదే గీత. సూదిమొన ఆనించి చూశాను, ఉబ్బెత్తుగా ఉంది. పగిలిన ఒకే అచ్చులోంచి రెండు నాణేలూ వచ్చాయన్నమాట. ఒకే పగులును రెండు నాణేల మీద అతికించే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆయనకు అసలైనదేనని చెప్పి పంపేశాను. మీకు మాత్రం చెప్పలేదు. డోరతీకీ చెప్పలేదు. ఈ కుర్చీ పోతుందని భయం, ఇంకే కారణమూ లేదు. కూర్చో హార్లన్, అయిపోవచ్చింది.

మొన్న గురువారం వెస్లీ గారి కూతురు లవ్‌డేకి ఫోన్ చేసి అంతా చెప్పాను. తలుపు పక్కన నిలబడ్డది ఆవిడే. ఆ డాలర్ని వాళ్ల నాన్న చివరిదాకా అక్షరాలు గోడవైపు తిప్పి పెట్టుకున్నారట. ఒక్కసారి చూడనిస్తావా అమ్మా అనడిగాను. "మీ చేతికి మాత్రం ఇవ్వను" అంది. న్యాయమే.

పెద్దలారా, వెస్లీ ట్రెగాస్కిస్ డాలర్ అసలైనది. ఆ మనిషి అబద్ధమాడలేదు, నేనే తప్పుగా చూసి, తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. ఆయన పేరు ఈ రోజే పట్టికలోకి ఎక్కించండి, నాకోసం తెచ్చిన బహుమతి ఆ బల్ల మీదే ఉండనివ్వండి. ఇన్నేళ్లు నన్ను నమ్మినందుకు కృతజ్ఞుణ్ణి, నమ్మకూడదని చెప్పడానికి ఇంత ఆలస్యం చేసినందుకు సిగ్గుపడుతున్నాను.

వస్తానని లవ్‌డే ఒక్క షరతు మీద ఒప్పుకుంది: "మీరు చెప్పడం అయ్యాక ఒక్కరు చప్పట్లు కొట్టినా వెంటనే వెళ్లిపోతాను." దయచేసి చేతులు ఒళ్లోనే ఉంచుకోండి. సెలవు.