తోక దీపం లేని బండి

ఇంగ్లండు ఉత్తరాన డార్లింగ్టన్‌లో, గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ల వరసలో ఒక ఇల్లు. మేడ మీద వీధి వైపు గది. మంచంలో హెడ్లీ. ఇంటి వెనక పట్టాల పక్కనున్న సిగ్నల్ క్యాబిన్‌లో ఉద్యోగమంతా చేసి రిటైరైనవాడు, పక్షవాతంతో కాళ్లు పడిపోయి రెండేళ్లు దాటినవాడు. మడత నిచ్చెన మీద అతని భార్య మేవిస్. గది చుట్టూ, కిటికీ పైనుంచీ తలుపు పైనుంచీ, సీలింగుకి జానెడు కింద ఆమె బిగించిన షెల్ఫు. దాని మీద బొమ్మ రైలు పట్టాలు.

"కదలకు. కదలకు అన్నానా? నిన్ను కాదు, పట్టాని."

"నేను కదిలి రెండేళ్లయింది మేవీ. నాకు చెప్పక్కర్లేదు."

"అలాంటి మాటలు మాట్లాడితే ఈ స్క్రూడ్రైవరు నీ మీద పడేస్తాను."

"కాళ్ల మీద పడెయ్యి. తెలియను కూడా తెలియదు."

"హెడ్లీ."

"సరే, సరే. నిచ్చెన ఊగుతోంది, చూసుకో. ఆ మోకాలు పెట్టుకుని నువ్వు పైకెక్కడమేంటో."

"ఈ ఒక్క ముక్కే. తలుపు మీద ఇది అతికితే రైలు ఆగకుండా గది చుట్టూ తిరుగుతుంది. ఇన్నాళ్లూ ఇక్కడిదాకా వచ్చి, నిలబడి, వెనక్కి పోయేది పాపం."

"వెనక్కి పోవడం కూడా బాగానే ఉండేది."

"బాగానే ఉండేదా? నిన్న అద్భుతం అన్నావు."

"అద్భుతమే. బాగానే కూడా ఉంది."

"నా టీ ఎక్కడ పెట్టాను?"

"షెల్ఫు మీద. ముందు తీసెయ్యి అక్కణ్ణించి, మరక పడుతుంది."

"చూశావా, విన్నావా?"

"ఏంటి?"

"నేను మగ్గు అక్కడ పెట్టడం. చూశావా, విన్నావా అని."

"రెండూ. టక్కుమని పెట్టావుగా. ఎందుకు?"

"ఊరికే. అయినా మరకల గురించి ఎవరు చెప్తున్నారో చూడు. క్యాబిన్‌లో సిగ్నల్ గంటలుండే షెల్ఫు మీద సలసలా కాగే టీ మగ్గు పెట్టి, వార్నిష్ లేచిపోయి గుండ్రంగా మరక పడితే, ఇన్‌స్పెక్టరు చేత అక్షింతలు వేయించుకున్న మహానుభావుడెవరో."

"ఒక్కసారి."

"ఒక్కసారి దొరికావు."

"ఆయనకి ఆ షెల్ఫు అంటే చర్చి. గంటలు తప్ప దాని మీద ఈగ కూడా వాలకూడదు. మరి మగ్గు ఎక్కడ పెట్టుకోమంటాడు, నెత్తి మీదా? ఎన్ని రకాలుగా రుద్దాను ఆ మరకని. పోలేదు."

"ఇక్కడ కూడా పోదు. ఇదిగో, తీసేశాను."

"ఈ పెద్ద గోడ మీది షెల్ఫు పలక ఎక్కడ దొరికిందన్నావు?"

"ఎన్నిసార్లు అడుగుతావు? పాత చెక్కల దుకాణంలో."

"మంచి చెక్క."

"పాతకాలపుది. ఇప్పుడు అలాంటివి రావు. మిగతా మూడు గోడలకీ కొత్తవి కొన్నాను, అప్పుడే వంగుతున్నాయి చూడు."

"అవును, అవి వంగుతున్నాయి. ఇది వంగలేదు."

"హెడ్లీ, పదకొండింటికి ఊరి కౌన్సిల్ ఆఫీసు అమ్మాయి ఫోను చేస్తుంది."

"ఏ అమ్మాయి?"

"ఇలా నటించకు. కింద వెనక గదిలో నీ మంచం వేసి, పక్కనే స్నానాలగది కట్టిస్తామన్న అమ్మాయి. ఇవాళ అవునో కాదో చెప్పకపోతే ఆ అవకాశం వేరే ఇంటికి వెళ్లిపోతుంది."

"వెళ్లనీ."

"మళ్లీ రాదు."

"రానక్కర్లేదు. నేనిక్కడ హాయిగా ఉన్నాను. రైళ్లున్నాయి, నువ్వున్నావు, టీ ఉంది."

"టీ దానంతటదే మెట్లెక్కి రావడం లేదు."

"అదేంటి?"

"ఏం లేదు. నువ్వు వద్దంటే వద్దని చెప్పేస్తాను. నాకేం."

"చాలా తొందరగా అన్నావే."

"ఏది?"

"నాకేం అని. కిందికి రమ్మని నన్ను బతిమాలాల్సింది పోయి."

"బతిమాలితే వస్తావా?"

"ఆ వెనక గది కిటికీలోంచి ఏం కనిపిస్తుంది ఇప్పుడు?"

"ఏముంటుంది? పట్టాలు. కంచె. పక్కింటివాళ్ల దుప్పట్లు ఆరేసి ఉంటాయి."

"అంతేనా?"

"అంతే. ఇంకేం కావాలి నీకు, బకింగ్‌హామ్ ప్యాలెస్సా?"

"అంతేనా అని అడిగాను, అంతే."

"చెట్లు బాగా పెరిగాయి కూడా. ఆ చివర ఏదీ సరిగ్గా కనిపించదు."

"చెట్లా."

"చెట్లే. గదిలో తేమ కూడా ఉంది. నీ ఊపిరితిత్తులకి మంచిది కాదు."

"మరి రమ్మంటున్నావా, వద్దంటున్నావా మేవీ?"

"నన్నడుగుతావేం? మంచం నీది."

"మెట్లు నీవి. రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతావో నేను పడుకునే లెక్కపెట్టగలను. కుడికాలు వేసినప్పుడు ఒక చప్పుడు, ఎడమకాలు ఈడ్చినప్పుడు ఒక చప్పుడు."

"అయితే తెలుసన్నమాట."

"తెలుసు."

"తెలిసి కూడా ఇక్కడే హాయిగా ఉన్నానంటావు. ఈ ఇంట్లో నువ్వొక్కడివే చిక్కుకుపోయావనుకుంటున్నావా హెడ్లీ? మా చెల్లి విట్‌బీలో ఉంటుంది, రైలెక్కితే పూటలో చేరిపోతాను, సముద్రం చూసి రెండేళ్లయింది. నిచ్చెన ఎక్కితే నాకు కళ్లు తిరుగుతాయి, నీకు తెలుసా? పెళ్లైన కొత్తలో నీ క్యాబిన్ మెట్లు కూడా కళ్లు మూసుకుని ఎక్కేదాన్ని. అలాంటిదాన్ని చలికాలం పోయిన దగ్గర్నుంచి సీలింగు పట్టుకుని వేలాడుతున్నాను."

"ఎవరు ఎక్కమన్నారు?"

"ఎవరు ఎక్కమన్నారా?"

"తప్పుగా అన్నాను."

"తప్పుగానే అన్నావు. ఉండు. అతికింది. దిగుతున్నాను."

"మెల్లగా."

"దిగాను. ఇదిగో, తిప్పుతున్నాను. గది చుట్టూ మొదటిసారి. చూడు."

"చూస్తున్నా."

"ఏది నడిపానో చెప్పు."

"పచ్చ ఇంజను. వెనక బొగ్గు వ్యాగన్లు. రెండోదానికి చక్రం కాస్త వంకర, అతుకు దగ్గర తడబడుతుంది."

"ఆ. సరిగ్గా చెప్పావు. ఎప్పుడూ సరిగ్గానే చెప్తావు. ఎలా ఉంది?"

"అచ్చం మన లైను మీది గూడ్సే."

"తోక ఎలా ఉంది?"

"తోకా?"

"చివరి వ్యాగను, దొరగారూ. ఇప్పుడే కిటికీ మీద నుంచి పోతోంది. సరిగ్గా ఉందా?"

"సరిగ్గానే ఉంది."

"బాగా చూడు. మళ్లీ వస్తుంది."

"చూశానన్నానుగా. బండి బండిలా ఉంది."

"వెనక దీపం ఉందా?"

"ఉండకేం. ఎర్రగా, బుల్లిగా. నువ్వే అతికించావుగా, సూది మొనంత జిగురు పెట్టి."

"హెడ్లీ."

"ఏంటి?"

"ఆ దీపం నా ఏప్రాన్ జేబులో ఉంది. ఇదిగో. పోయిన నెల పీకేశాను. నెల రోజులుగా తోక దీపం లేని బండిని నీ కళ్ల ముందు తిప్పుతున్నాను. మొదటి రోజు అరుస్తావనుకున్నాను. రెండో రోజు, పోనీలే నిద్రమత్తు అనుకున్నాను. లండన్ ఎక్స్‌ప్రెస్సుకి తోక దీపం లేదని ముందు స్టేషన్లో ఆపించేసిన మనిషివి నువ్వు. బండిలో ఉన్నవాళ్లంతా నిన్ను తిట్టిపోస్తే ఏమన్నావు?"

"వదిలెయ్యి మేవీ."

"ఏమన్నావు?"

"తోక దీపం నా కళ్లతో చూడకుండా, బండి మొత్తం దాటిపోయిందని నేను గంట కొట్టనన్నాను. సగం పెట్టెలు వెనక తెగి ఉండిపోతే, వాటి మీదికి ఇంకో బండి వస్తుందన్నాను."

"అది నువ్వు. మరి ఇప్పుడు చెప్పు. నీకు కనిపిస్తున్నదేంటి?"

"చెక్క."

"ఏంటీ?"

"చెక్క అడుగు. నేను పడుకుని ఉన్నాను మేవీ. షెల్ఫు సీలింగు దగ్గరుంది. పైగా రైలు జారి నా నెత్తిన పడుతుందని నర్సు భయపెడితే అంచు పొడుగునా పట్టీ కొట్టావు. నాకు చక్రం కనిపించదు, పెట్టె కనిపించదు, ఇంజను పొగగొట్టం కూడా కనిపించదు. చప్పుడు వినిపిస్తుంది. అది చాలు నాకు, ఏ బండో చెప్పడానికి."

"మొదటి రోజు నుంచీనా?"

"మొదటి రోజు నుంచే."

"అద్భుతం అన్నావు కదా. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి నీకు. నేను చూశాను."

"నువ్వు నిచ్చెన మీద నుంచి వెనక్కి తిరిగి చూశావు. జుట్టు నిండా రంపప్పొట్టు. ఎలా ఉంది హెడ్లీ, అన్నావు. అప్పుడు నేను ఏమనాలి? చెక్క బాగుంది అనాలా?"

"అనాల్సింది."

"ఒకసారి అద్భుతం అన్నాక, రెండోసారి ఏమంటాం? మళ్లీ అద్భుతమే. అలా అలా..."

"నేను అంతా నిచ్చెన మీద నుంచే చూశాను. పట్టాలు నా కళ్లకి సమంగా ఉండేవి. ఎంత ముద్దుగా ఉండేదో. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నీ పక్కన పడుకుని చూడాలని తోచలేదు నాకు."

"ఆసుపత్రి మంచం ఇది. ఒక్కడికే సరిపోదు."

"నాకు రైళ్లంటే పరమ చిరాకు, తెలుసా నీకు?"

"పెళ్లినాటి నుంచీ తెలుసు."

"మరి దీన్ని ఎవరి కోసం తిప్పుతున్నాం మనం? చూసేవాడికి కనిపించదు, తిప్పేదానికి పడదు."

"నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"నాకే తెలియడం లేదు. ఆపేశాను. ఇదిగో, ఆగిపోయింది."

"పాపం, సగం దారిలో ఆపావు. తలుపు మీద ఉంది కదూ?"

"తలుపు మీదే. ఒక్కటి చెప్పు హెడ్లీ. కనిపించదన్నావు. మరి రోజంతా ఆ పెద్ద గోడ వైపే కళ్లార్పకుండా చూస్తుంటావే. నేను గదిలో లేనప్పుడు కూడా. ఎన్నిసార్లు తలుపు సందులోంచి చూశానో. ఏం చూస్తుంటావు?"

"చెక్క."

"చెక్కలో ఏముంటుంది?"

"చెక్కే ఉంటుంది. ఫోను మోగుతోంది."

"వింటున్నా."

"తియ్యి మరి."

"ఏం చెప్పను?"

"వస్తానని చెప్పు."

"కోపంతో అంటున్నావా?"

"నీ మోకాలి కోసం అంటున్నాను. విట్‌బీ కోసం అంటున్నాను. తియ్యి, ఆగిపోతుంది."

"హలో. అవునమ్మా, నేనే మేవిస్‌ని. ఆఁ, అడిగాను. వస్తానన్నాడు. అవును, కిందికే. లేదు, లేదు, మనసు మార్చుకోడు. వచ్చే సోమవారమా? అంత త్వరగానా? సరే. సరేనమ్మా. మీకు కూడా. ఉంటాను."

"సోమవారమా?"

"సోమవారం పనివాళ్లొస్తారు."

"మంచిది. చూశావా, ఎంత తేలిగ్గా అయిపోయిందో. ఏంటలా మంచం మీద కూర్చుండిపోయావు? నా కాలి మీద కూర్చున్నావేమో చూసుకో."

"తేలిక కాదు హెడ్లీ. నువ్వు కిందికొచ్చే ముందు నీకొకటి చెప్పాలి."

"చెప్పక్కర్లేదు."

"చెప్పాలి. నువ్వు ఒకటి దాచావు, నేనూ ఒకటి దాచాను. ఆ కిటికీలోంచి చూస్తే నీ క్యాబిన్ కనిపించదు."

"చెట్లు పెరిగాయన్నావు."

"చెట్లు కాదు. పోయిన చలికాలం నీకు నెమ్ము చేసి ఆసుపత్రిలో ఉన్నావు చూడు, అప్పుడు కూల్చేశారు. ఇప్పుడు బళ్లన్నీ ఎక్కడో పెద్ద ఊళ్లో కంప్యూటర్ల ముందు కూర్చుని నడుపుతారట. మెట్లూ, లీవర్లూ, అద్దాలూ, పొద్దున మొదలెట్టి చీకటి పడేలోగా ఏమీ మిగల్చలేదు. నేను కంచె దగ్గర నిలబడే ఉన్నాను. నువ్వు బతుకుతావో లేదో చెప్పలేనని డాక్టరు అన్న వారం అది. వచ్చాక ఎలా చెప్పను నీకు? కిటికీ దగ్గరికి తీసుకెళ్లమని అడుగుతావని భయం. అందుకే ఆ గది చలి అన్నాను, తేమ అన్నాను. అందుకే ఇదంతా కట్టాను. కింద ఉన్నది నీకు కనపడకూడదని, నిన్ను ఈ పైన కట్టిపడేశాను. ఏదో ఒకటి అను హెడ్లీ. తిట్టు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"క్యాబిన్ లేదని తెలుసు. ఈ షెల్ఫు కట్టిన మొదటి రోజు నుంచే తెలుసు. కళ్లలో నీళ్లు తిరిగాయన్నావు చూడు, అప్పటి నుంచి."

"ఎవరు చెప్పారు? నర్సా? ఆవిడకి వద్దని వెయ్యిసార్లు..."

"ఎవరూ చెప్పలేదు. పాత చెక్కల దుకాణమని నువ్వు ఎన్నిసార్లు అబద్ధమాడినా, పలకని బోర్లా బిగించావు మేవీ. ఆ పెద్ద గోడ మీద, సరిగ్గా నా కళ్లకెదురుగా, క్యాబిన్‌లో ఎంత రుద్దినా పోని నా టీ మగ్గు మరక ఉంది."