పొయ్యివైపు పడుకోబెట్టిన గయాగుమ్

మా పిల్‌సున్ వదిన పన్నెండు తీగల వాయిద్యం గయాగుమ్ మంచు కురుస్తున్న పూట నిలువుగా చీలింది. కిందా పడలేదు, ఎవరూ తొక్కనూ లేదు. కొత్త కోడలు దానికి మర్యాద చేసింది, అందుకని చీలింది. నవ్వుతావేం అమ్మాయ్? నువ్వూ నీ గయాగుమ్‌ని వెచ్చటి నేల మీద పెట్టావు గనకే చెబుతున్నా. తీసి ఆ బల్ల మీద పెట్టు. ఆఁ, మెల్లిగా. వదినంటే మా అన్నయ్య భార్యేలే. నామ్‌వొన్‌ ఊళ్ళో ఎవరింట్లో షష్టిపూర్తి అయినా ఆవిడ వాయించాల్సిందే. ఆ రోజూ అలాగే ఎక్కడో వాయించి, తడిసి ముద్దయి వచ్చి, దాన్ని చల్లటి వసారాలో పెట్టి బట్టలు మార్చుకోడానికి వెళ్ళింది. ఆవిడ కోడలు యంగ్‌నిమ్ కొండల్లోని పల్లె పిల్ల, కాపురానికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. "అత్తయ్యగారి గురువుగారిచ్చిన వాయిద్యం, చలిలో వదిలేస్తామా?" అనుకుంది పాపం. లోపలికి తెచ్చి, నేల కిందుగా వచ్చే పొయ్యి సెగ నేరుగా తగిలే చోట, మా అమ్మ కూర్చునే చోటు పక్కనే పడుకోబెట్టి, పైన బొంత కూడా కప్పింది. పెద్దవాళ్ళకి చేసినట్టే! కాసేపటికి టప్‌మని చప్పుడు. మా అమ్మకి చెవుడు కదా, "ఎవరే అక్రోట్లు కొడుతున్నారు? నాకూ ఓటి పెట్టండి" అంది.

బొంత తీస్తే ఏముంది, పై పలక మీద జానెడు పగులు. ఇక మా అమ్మ అందుకుంది. "ఇల్లు గడిచేదే దాని మీద! ఈ దరిద్రాన్ని పుట్టింటికి పంపెయ్యండి." మా అన్నయ్యా గొంతు కలిపాడు. అమ్మ ఏమంటే అదే అనేవాడులే, అన్నంలో ఉప్పు లేకపోయినా అమ్మ ముఖం చూసేవాడు. ఆ పిల్ల అప్పటికే బట్టల మూట కట్టేసుకుంది. వదిన మాత్రం ఎవరి వంకా చూడలేదు. తీగలు ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెం వదులు చేస్తోంది. ఒక్కసారిగా వదిలేస్తే పలక ఇంకా విచ్చుకుంటుందిట. తీగల కింద బాతుకాళ్ళలా ఉంటాయే చెక్కముక్కలు, అవీ తీసేసింది. అప్పుడంది: "అత్తయ్యా, దీన్ని అతకాలంటే నాలుగు చేతులు కావాలి. నాకున్నవి రెండు. ఈ పిల్లని పంపేస్తే మీ రెండూ ఇస్తారా?" మా అమ్మకి చేతులు వణుకు. రెండూ బొంత కిందకి దాచుకుంది.

మూట అక్కడే పడేసి యంగ్‌నిమ్ వచ్చి కూర్చుంది. ముందు దాన్ని చల్లటి గదిలో, పక్కన నీళ్ళ గిన్నె పెట్టి ఉంచారు. ఎండిన చెక్క తేమ పీల్చుకుంటే పగులు దానంతటదే కొంత దగ్గరపడుతుంది. తర్వాత చేప గాలితిత్తి నానబెట్టి, వేణ్ణీళ్ళ గిన్నె మీద పెట్టి ఉడికించి జిగురు చేశారు. ఇల్లంతా ఒకటే కంపు, పిల్లి గుమ్మం వదల్లేదు. వెనక పలక ఊడదీసి, లోపల పగులుకి అడ్డంగా చిన్న చెక్కముక్కలు అతికి, తాడు చుట్టి, తాడు కింద మేకుల్లాంటి చెక్కలు దూర్చి బిగించారు. ఆ పిల్ల కదలకుండా పట్టుకుంది. ముక్కు మీద దురద పెడితే వదినే గోకింది! ఆ తర్వాత స్వరం కాస్త మందగించిందన్నారు కొందరు. నాకేం తెలీలేదు.

వదిన మాత్రం ఒక మాట పట్టుకుంది. "నా ఇంట్లో మనిషికే దీన్ని ఎక్కడ పెట్టాలో నేను చెప్పలేదు, తప్పు ఆ పిల్లదా?" అంది. వదిన ఇంట్లో పిల్లలకి నేర్పేది కూడా. అప్పట్నించి పాఠానికి ఎవరొచ్చినా ముందు యంగ్‌నిమ్ దగ్గర కూర్చోవాలి. ఎక్కడ పెట్టాలి, ఎలా ఎత్తాలి, వాయించాక తీగలు ఎంత వదలాలి, అన్నీ ఆ పిల్లే నేర్పాలి. ఆ పిల్ల సరేనన్నాకే తీగ మీటడం. బియ్యం మిల్లాయన పెళ్ళాం కూతుర్ని తీసుకొచ్చింది, పట్టుబట్టల్లో. "మా అమ్మాయి నీ దగ్గర నేర్చుకోడానికొచ్చింది గానీ, వాయిద్యం పగలగొట్టిన కోడలి దగ్గరా?" అంది అందరి ముందూ. యంగ్‌నిమ్ తల వంచేసుకుంది. వదిన నింపాదిగా, "అదెలా పగులుతుందో మా కోడలి కంటే బాగా ఎవరికి తెలుసమ్మా? కూర్చుంటే అక్కడ, లేదంటే గుమ్మం అటుంది" అంది. ఆవిడ కూతుర్ని లాక్కుపోయింది. ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరు మానేశారు. పాఠాల డబ్బులు తగ్గి, ఆ చలికాలమంతా మా అన్నంలో బియ్యం కంటే బార్లీయే ఎక్కువ. మా అన్నయ్య సణిగాడు, అమ్మ శాపనార్థాలు పెట్టింది. వదిన పోయేదాకా, ఎవరి పిల్లలొచ్చినా సరే, ముందు కోడలి ఎదుట కూర్చోబెట్టాకే తన గదిలోకి రానిచ్చింది.