డాక్టర్ వీరరాఘవులు గారి అనుమానం

పందొమ్మిదివందల అరవై తొమ్మిదో సంవత్సరం జూన్ నెల పదహారో తేదీ, సోమవారం ఉదయాన, మాన్యులు డాక్టర్ వీరరాఘవులు గారు మన సంతాన పరిశోధన కేంద్రంలో పరిశోధన సహాయకులుగా అడుగుపెట్టారు. వచ్చీ రాగానే సీసాలో కొళాయి నీళ్ళు పట్టి, వెలుతురుకెత్తి చూసి, "ఇవి ఎక్కడి నీళ్ళు?" అని అడిగారు. "కార్పొరేషన్ నీళ్ళే సార్" అన్నాం ఆయాలం. "ఎవరు చూసొచ్చారు?" అన్నారు. ఇదేందమ్మా, ఈ మనిషితో ఎట్లా వేగేది అనుకున్నాం. ఇన్నేళ్ళూ వేగినాం. ఇప్పుడు పదవీ విరమణ చేసి పోతున్నారంటే మనసొప్పడం లేదు.

డెబ్బైల దశకమంతా వారు ప్రయోగశాలలోనే తపస్సు చేశారు. అటుపిమ్మట బొంబాయి వెళ్ళి ఉన్నత శిక్షణ పొంది వచ్చి, ఎనభై ఆరులో హార్మోను విభాగానికి అధిపతులయ్యారు. పదవి పెరిగినా వారి అనుమానం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. ఫ్రిజ్ తలుపు సరిగా పడిందా అని తాము వేసిన తలుపునే మళ్ళీ తీసి చూసేవారు. మంచి ఫలితం వస్తే మరీ భయపడేవారు, "ఇంత బాగా ఎందుకొచ్చింది?" అని మూడు రోజులు నిద్ర లేకుండా తిరిగేవారు. భోజనాల వేళ మా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నా, మా సాంబారును కూడా పరీక్షగానే చూసేవారు.

అట్లా కూర్చున్నప్పుడే వారు మాకొక సంగతి విప్పి చెప్పారు. తలకాయ లోపల, అడుగున, బాదంపప్పంత చోటు ఒకటుందట. అది గంటన్నరకొకసారి చిటికెడంత హార్మోను విడుస్తుందట. పది రసాయనపు పూసలు గుచ్చిన దండ వంటిదట ఆ హార్మోను. ఆ పిలుపు అందుకుని కింద ఉన్న గ్రంథి మేలుకొని అండాశయానికి కబురు పెడుతుందట. కొందరు ఆడబిడ్డల్లో ఆ పిలుపే పుట్టదు. అట్టివారి నడుముకు చిన్న పంపు కట్టి, సన్నని గొట్టం ద్వారా, మెదడు పిలిచే లెక్కలోనే మందు పంపించడం వారు చేపట్టిన పరిశోధన. విదేశం నుంచి తెప్పించిన పంపులు కొద్దే. కోరి వచ్చే తల్లులు మాత్రం వరండా నిండా ఉండేవారు.

తొంభై మూడులో సౌకార్‌పేట నుంచి వాసంతి అనే బిడ్డ వచ్చింది. పసుపు, మిరియాల టోకు వ్యాపారం చేసే జయరామ్ గారి ఇల్లాలు. పెళ్ళై ఏడేళ్ళు. వెంట అత్తగారు వాసవాంబ గారు. అనుమానంలో మా డాక్టరుగారికి సరిజోడు ఎవరయ్యా అంటే ఆమే.

"మెదడు మందంట గదా డాక్టరయ్యా. ఎవరి మెదడు? ఏ మేక తలకాయలోంచి తీసినారు?"

"ఏ మేకదీ కాదమ్మా. రసాయనాలతో చేసింది."

"చేసేటప్పుడు మీరు ఆడ ఉన్నారా?"

ఎదుటివారిని ఇన్నాళ్ళూ అదే ప్రశ్న అడిగిన వీరరాఘవులు గారు మందు సీసా తీసి, దాని మీది చీటీ మళ్ళీ చదువుకున్నారు. మేము తలుపు చాటున కొంగులు అడ్డం పెట్టుకున్నాం.

పంపు కట్టారు. వారాలు గడిచినా రక్తపరీక్షలో కదలిక లేదు. డాక్టరుగారు మందును అనుమానించారు, కరెంటు కోతలను అనుమానించారు, ఐస్ పెట్టె మోసుకొచ్చిన మమ్మల్నీ అనుమానించారు. ఉన్నట్టుండి ఒక వారం ఫలితం చక్కగా లేచింది. మరుసటి వారం చతికిలబడింది. అప్పటి డైరెక్టరుగారు, "ఈ నెలాఖరుకు ఆ పంపు తీసి ఇంకొకరికి కట్టండి" అని తేల్చేశారు. ఆ మాట విని వాసంతి కన్నీళ్ళు పెట్టుకోలేదు. పైట చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఏదో దాస్తోందని మా డాక్టరుగారికి తోచింది.

"ఆ బాగున్న వారంలో మీ ఇంట్లో ఏం జరిగిందమ్మా?"

"ఏం లేదు సార్. అత్తమ్మ తిరుపతి పోయుండె."

వారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అత్తగారు ఊళ్ళో లేకుంటే పనిచేసి, ఉంటే పనిచేయని మందు నేనెక్కడా చదవలేదే!"

మరునాటి పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, తోడుగా ఆయాల్లో నన్ను ఆటో ఎక్కించుకుని సౌకార్‌పేట వెళ్ళారు. గడపలో చెప్పులు విడిచి నడవలోకి అడుగుపెట్టి అట్లాగే నిలబడిపోయారు. గొడుగు పక్కన, మేకుకు, తోలు సంచితో సహా పంపు వేలాడుతోంది. చూస్తుండగానే 'టిక్'మంది. గొట్టం కొనన ఒక చుక్క మెరిసి, గోడ మీద పడింది. లోపల వాసంతి మడికట్టుకుని వంట చేస్తోంది.

"తోలు కట్టుకొని మడి వంటింట్లోకి ఎట్లా వస్తాది? దేవుని కూడు గదా!" అన్నారు వాసవాంబ గారు. "వంట, పూజ అయినాక తగిలించుకుంటాది. మధ్యాహ్నం నుంచి విడవకుండా పోస్తే సరిపోదా? మీ మెషీనే సోంబేరి. ఒకసారి ముక్కి, గంటన్నర నిద్రపోతాది."

డాక్టరుగారు కేకలేస్తారేమో అనుకున్నాను. వారు కింద చాప మీద కూర్చున్నారు.

"అమ్మా, మీరు కోడల్ని ఎట్లా పిలుస్తారు?"

"వాసంతీ అని ఒక కేకేస్తే వస్తాది."

"ఆపకుండా పిలుస్తూనే ఉంటే?"

ఆమె వంటింటి వైపు ఓరగా చూసి, "వినపడనట్టే ఉంటాది, దొంగ కళ్ళి!" అన్నారు.

"అసలు పిలవకపోతే?"

"ఆమా, నిజమే, అప్పుడెందుకొస్తాది?"

"తలలోని గ్రంథి కూడా మీ కోడలేనమ్మా. ఎడతెగకుండా మందు పోస్తే చెవులు మూసుకుంటుంది. పొద్దుటిపూట పిలుపు మానేస్తే పడుకుంటుంది. వేళకొక్క పిలుపు, అంతే."

వాసవాంబ గారు లేచి లోపలికి వెళ్ళారు. పెట్టె తెరిచి, తమ పెళ్ళినాటి పట్టుచీర చెంగు తీసుకొచ్చారు. పట్టు మడికి పనికొస్తుంది గదా. ఆ మధ్యాహ్నమే తమ చేతులతో సంచి కుట్టారు. కుట్టేముందు మాత్రం, "దీంట్లో పెడితే పనిచేస్తాదని మీకు గట్టిగా తెలుసునా?" అని అడిగారు.

"తెలియదు. చూడాలి" అన్నారు మా డాక్టరుగారు. ఆ మాటకే ఆమె నమ్మారు.

నెలాఖరు లోపలే పరీక్ష ఫలితం మళ్ళీ లేచింది. పంపు వాసంతి నడుమునే ఉండిపోయింది. మరుసటి ఏడు కార్తీక పుట్టింది. ఊరంతా మిఠాయి తింటుంటే, అత్తగారు మాత్రం బిడ్డను పొత్తిళ్ళతో తెచ్చి బల్ల మీద పెట్టి, "మెషీన్ బిడ్డ. దీనికి ముందు ముందు ఏమీ రాదు గదా?" అన్నారు. "నాకూ ఆ అనుమానం ఉందమ్మా. ఏటా తీసుకురండి, చూస్తాను" అన్నారు వీరు. ఏటా తెస్తూనే ఉన్నారు. చూస్తూనే ఉన్నారు.

మొన్న నాలుగో ఏటి పరీక్షకు వచ్చినప్పుడు విరమణ సంగతి వాసవాంబ గారి చెవిన పడింది.

"అయితే ఇంకమీద ఈ బిడ్డను అనుమానంగా చూసేది ఎవరు?"

"టి. నగర్ మా ఇంటికి తీసుకురండి. కాఫీ కూడా ఇస్తాం."

"కాఫీ ఎవరు పెడతారు? మడితోనేనా?"

ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేయనున్న డాక్టర్ వీరరాఘవులు గారికి ఆ భగవంతుడు చూపు తగ్గని కళ్ళు, అలసిపోని కాళ్ళు, నిండైన ఆరోగ్యం ప్రసాదించాలని మా అందరి ప్రార్థన. సతీసమేతంగా వారు చిరకాలం చల్లగా ఉండాలి. కార్తీక ఎదిగి, తన బిడ్డను చంకనేసుకుని టి. నగర్ మెట్లెక్కి, "డాక్టరు తాతా, ఇంక నన్ను చూసింది చాలు, దీన్ని చూడు" అనేదాకా వారు ఉండాలి. ఆ నాడు కూడా కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇంత బాగా ఎట్లా ఉంది?" అని వారు అనుమానపడాలి.