మంచులో కప్పు సూపు

తోటి పనివాడు క్రేన్ మీంచి పడి చనిపోయిన నెలకు తమ్ముడు మళ్లీ పనికి వెళ్లాడు. సాయంత్రం అక్క అతని సంచిలోంచి ఖాళీ కప్పు తీసింది.

“డాక్టరు పీచు తినమని మొత్తుకున్నా కూరగాయ ముట్టనివాడివి. సూపు తాగావా, పారబోశావా?”

“తాగానక్కా. క్రేన్ పైన ఒకటే మంచు, కింద ఊరే లేనట్టుంది. చేతులు వణికాయి.”

“మరేం చేశావురా?”

“నువ్విచ్చిన సూపు పొడిలో ఫ్లాస్కులోని వేడినీళ్లు పోశాను. ఎండు బఠానీలు, క్యారెట్ ముక్కలు మెల్లగా ఉబ్బి, రంగు తేరి పైకి తేలాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను. వణుకు ఎప్పుడాగిందో తెలీదు.”

“తర్వాత?”

“మంచు విడిపోయింది. కిందికి చూశానక్కా. వాడు పడిన చోటే చూశాను.”

అక్క కప్పు కడిగి బోర్లించింది.

“రేపటికి ఏ సూపు పెట్టమంటావు? టమాటానా, పాలకూరా?”

“పాలకూర.”