కంచె అవతల నిలబడ్డ ఫాదర్ ఎమెరీ

సభకు అధ్యక్షత వహిస్తున్న మదర్ హానా గారికి, పెద్దలకు, చేపల సూపు చల్లారిపోతోందని నా వంక గుర్రుగా చూస్తున్న మిత్రులకు, నా భార్య లవీనియాకు మాటిచ్చి తప్పిన ఫాదర్ ఎమెరీ గారికి నమస్కారం.

ఆ మాటేమిటో ఈ హాల్లో సగం మందికి తెలుసు. మిగతా సగం తెలియనట్టు నటిస్తున్నారు. (నవ్వులు) జబ్బు ముదిరిన రోజుల్లో లవీనియా ఆయన చెయ్యి పట్టుకుని, "నా సమాధి దగ్గర ప్రార్థన మీరే చదవాలి ఫాదర్. ఇంకెవరు చదివినా లేచి కూర్చుంటాను" అంది. "నేనే చదువుతానమ్మా, నువ్వు కదలకుండా పడుకుంటానంటే" అన్నారాయన.

ఆమె పోయేలోపే ఆయన పదవీ విరమణ చేశారు. మన ఆచారం మీకు తెలిసిందే. దిగిపోయిన గురువు పాత చర్చి గడప తొక్కకూడదు, పాతవాళ్ళ పెళ్ళికీ చావుకీ ప్రార్థన చెయ్యకూడదు, కొత్తగా వచ్చినవారు పిలిస్తే తప్ప. కొత్తవారింకా రాలేదు. పెత్తనమంతా చర్చి వ్యవహారాలు చూసే వార్డెన్ థర్‌స్టన్ పెల్‌ది. థర్‌స్టన్, ఆ కాఫీ కప్పు వెనక దాక్కోకు, నువ్వు పట్టవు. (నవ్వులు) ఆమె పోయాక వెళ్ళి, ఫాదర్‌నే చదవనివ్వమని అడిగాను. "రూలంటే రూలే. ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారు" అన్నాడు. "చచ్చినవాళ్ళు రెండోసారి అడగరులేవయ్యా" అన్నాను. వినలేదు. పక్క ఊరి నుంచి తెచ్చిన గురువు, సమాధి దగ్గర ఆమె అల్లికలంటే ప్రాణం పెట్టే నెమ్మదస్తురాలని పొగిడాడు. లవీనియా సూది ముట్టి ఎరగదు. పడవలకు రంగులు వేసేది, రేవంతా వినపడేలా తిట్టేది.

ఫాదర్ ఎమెరీ వచ్చారు. శ్మశానం కంచె అవతల, వానలో, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. లోపలికి రాలేదు.

దేవుడి మీద వచ్చిన పుస్తకాలు ఆయనకన్నా నేనే ఎక్కువ చదివాను, నమ్మకం మాత్రం కుదరలేదు. అయినా ప్రతి సోమవారం నా పుస్తకాల షాపుకొచ్చి, వాదించి, ఓడిపోయి, వెళ్తూ వెళ్తూ పొయ్యిలో కట్టెలు పేర్చి వెళ్ళేవారు. టాబర్ అన్నదమ్ముల పడవ మునిగిన రోజున వాళ్ళమ్మకు ఒక్క వాక్యమూ చదివి వినిపించలేదు. ఆవిడ వంటగదిలో గిన్నెలన్నీ కడిగారు. ఈ ఊరు ఆ మనిషిని దూరంగా పెట్టింది.

మన కొత్త గురువుగా మదర్ హానా వచ్చీరాగానే, "మీ ఆవిడతో వచ్చేవారట, చర్చికి రావడం ఎందుకు మానేశారు?" అని అడిగింది. చెప్పాను. "ఆయన్ని నేను పిలిస్తే చాలా? అంతేనా?" అని అక్కడే ఫోను తీసింది. ఆయన గురుపట్టానికి యాభై ఏళ్ళు నిండాయని ఈ విందు పెట్టడం మీకు చెప్పిన సాకు. (చప్పట్లు)

ఫాదర్, వాన వెలిసింది. భోజనాలయ్యాక కొండ మీది శ్మశానానికి వెళ్దాం. గేటు థర్‌స్టనే తీస్తాడు, మదర్ చెప్పేసింది. ఆ రూలు పెట్టినవాళ్ళను వదిలేశాను. థర్‌స్టన్‌నూ వదిలేస్తాను, వాళ్ళావిడ కాల్చి తెచ్చిన తీపి వంట, ఆ 'బ్లూబెర్రీ పై', బాగుంటే. కానీ ఆ కంచె మోకాలెత్తు కూడా లేదండీ. ఒక్క కాలెత్తితే సరిపోయేది. ఎత్తని మనిషిని ఇప్పటికీ తప్పుపడుతున్నాను, సమాధి దగ్గర ఆయన ప్రార్థనలో ఆఖరి మాట చదివేదాకా తప్పుపడుతూనే ఉంటాను.

ఇంతసేపు నన్ను భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు. టోపీ తీసుకుని పదండి, ఎమెరీ విట్‌కూమ్ గారూ.