లైట్‌హౌసు ఏ గడిలో ఉంది?

హలో… ఆ, నేనే. భూగోళం టీచరు నాగకుమారినే… ఎవరండీ?… కోమలగారా. బజారు వెనక వీధిలోంచా…

మా పిల్లలు మీ ఇంట్లోనా! ఎంతమంది?… నలుగురా. మొదటి జట్టన్నమాట, హమ్మయ్య… తప్పిపోయారనుకుని ఇక్కడ పట్టాభిగారి సోడా షాపులో వణికిపోతున్నానండీ… లైట్‌హౌసు ఎదురుగా. ఆ, ఇక్కడికే రావాలి వాళ్లు, అందుకే ఈ షాపు నంబరు రాసిచ్చా.

వంటింట్లోనా?… రుబ్బురోలు మీద కూర్చుందా! ఎవరు, మంగళా?… లేవనంటోందా… గడికి నట్టనడుమ మీ రోలే ఉందంటోందా…

జెండానా? అది నేనే పాతమన్నా, చేరినచోట… దేంట్లో పాతారూ?… అయ్యో, ఇడ్లీ పిండిలోనా!

కోపం తెచ్చుకోకండి అక్కా… అక్కా అనొచ్చుగా?… మాది యానాం. కొత్తగా వచ్చా.

అది పాఠం అక్కా. ఊరి మ్యాపు మీద గళ్లు గీసిచ్చా. కింద అంకెలు, పక్కన అంకెలు. ఏడు, మూడు అంటే ముందు అడ్డంగా ఏడు జరగాలి, తర్వాత పైకి మూడు. లైట్‌హౌసు వస్తుంది. వీళ్లు తిరగేశారు… మీ రోలు వచ్చింది.

మంగళకివ్వండి… ఏమే, ముందు ఏది?… నిలువా! మరి నిన్న బోర్డు మీద— సర్లే, ఏడవకు. చేతులు కడుక్కో. అక్కకివ్వు.

ఆ… ఇంకో నలుగురొచ్చారా? వాళ్లూ మావాళ్లే, రెండో జట్టు… ఎవరో పెద్దాయన కూడానా! ఎలా ఉన్నారు?… గొడుగూ, తోలు సంచీ…

అక్కా, మెల్లిగా మాట్లాడండి. ఆయన ఇన్‌స్పెక్టరు బాలకృష్ణన్‌గారు. నన్ను పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అన్నది ఆయన చేతిలోనే ఉంది. పాఠం చూడ్డానికొచ్చారు. ఆయనకీ అవే అంకెలిచ్చా… ఆయనా తిరగేశారన్నమాట!

ఏమంటున్నారు?… పిల్లలంతా సరిగ్గా వచ్చారు, టీచరే దారి తప్పిందనా!

…ఔననేసి ఊరుకోనా?… నిజమే అక్కా, ఉద్యోగం ముఖ్యమే… కానీ పిల్లలు? లైట్‌హౌసుకని బయల్దేరినప్పుడల్లా మీ వంటింటికొస్తారు. ఫోను ఆయనకివ్వండి.

నమస్కారం సార్… లేదు సార్, నేను దారి తప్పలేదు… క్షమించండి, ముందు అడ్డం, తర్వాతే నిలువు. ముందు వీధిలో నడిచి, ఆ తర్వాత మేడెక్కినట్టు… సార్?… హలో?

అక్కా, ఏమైంది?… మేడెక్కారా! నిజంగా మీ మేడేనా?… పిల్లల్ని కూడా వెంటేసుకునా… మొహం ఎర్రగా ఉందా…

…దిగారా? ఏం కనబడిందట?… లైట్‌హౌసు. తూర్పున, సముద్రం పక్కన. హమ్మయ్య. మరి ఏమన్నారు?…

ఏంటీ?… మళ్లీ చెప్పండి… పిల్లల తప్పు కాదు, టీచరు తప్పూ కాదు… లైట్‌హౌసునే తప్పు గడిలో కట్టారనా!

రాసేశారా?… నేను పర్మనెంటనే?… సంతకం కూడా… పైవాళ్లకీ రాస్తారా, లైట్‌హౌసుని మీ వంటింట్లోకి మార్చమని!… మీరేమన్నారు?… రోలు తీసేది లేదన్నారా. మంచి పని చేశారక్కా.

వస్తున్నా. వాళ్లనెవర్నీ కదలనివ్వకండి… అంకెలొద్దు, వీధి పేరు చెప్పండి చాలు… సరే. ఉంటా.

పట్టాభిగారూ, ఇదిగోండి మీ ఫోను… ఒక్కసారి బయటికొచ్చి చూసి చెప్పరూ — లైట్‌హౌసు ఉన్నచోటే ఉందిగా?