ఏడు దేశాలకు మా బడి బెల్లు

"గొప్పలు చెప్పుకునేటోళ్లంటే నాకు పడది రాజన్నా. అందుకే ఉన్నదాంట్ల సగమే చెప్త," అన్నాడు తారిక్, సాసర్‌లోకి చాయ్ వంచుకుంటూ.

కార్వాన్ బస్తీలో హైస్కూలు గేటుకు ఎదురుగా రాజన్న చాయ్ దుకాణం. దాని పక్కనే తారిక్ సూట్‌కేసుల దుకాణం. ఆ బడిలో తొమ్మిదో తరగతికి ఏడాదిగా అంతర్జాతీయ అధ్యయనాల కార్యక్రమం నడుస్తోంది. వారానికి రెండు పీరియడ్లు. ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో టీచర్లూ బస్తీవాళ్లూ కలిసి కూర్చుని తేలుస్తారు. గల్ఫ్ సంగతులు చెప్పే పని తారిక్‌ది. ఆ రోజు బయటి నుంచి ముగ్గురు పరిశీలకులు వచ్చారు. పిల్లల ప్రదర్శన వాళ్లకు నచ్చితే కార్యక్రమం వచ్చే ఏడాదీ ఉంటుంది. నచ్చకపోతే ఆ రెండు పీరియడ్లూ లెక్కలకు పోతాయి. ప్రదర్శన ఇచ్చేది హరిప్రియ. ఆమె తాత ఉమాపతి, ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన కాకినాడ మనిషి, అప్పుడే బడి గేటు దాటి వచ్చి బెంచీ చివర నిలబడ్డాడు.

"రాండ్రి ఉమాపతి సాబ్, కూసోండ్రి. మొఖం గట్ల పెట్టిన్రేంది?"

"తారిక్ గారూ, ఒక్క మాట..."

"ఒక్క మాటేంది సాబ్, మొత్తం చెప్త. ఫికర్ చెయ్యకుండ్రి, ఈ ప్రోగ్రాంను ఎవ్వడు కదిలియ్యలేడు. ఎందుకంటే దాని కింద పునాది రాయి నేను. నేను చేసింది మస్తు చిన్న పనే. బస్తీ మీటింగ్ అన్నరు, పోయిన, వెనక బెంచీల కూసున్న. అందరు ఒర్రుతున్నరు, అమెరికా చెప్పాలె, జపాన్ చెప్పాలె అని. నేను లేసి ఒక్కటే అన్న: పుస్తకంల దేశం ఎండిన చాప, పోయొచ్చినోని నోట్లె దేశం నీళ్లల్ల ఈదే చాప. గంతే! హెడ్ మేడం కుర్చీలకెల్లి లేసి నిలబడ్డది. సలీమా టీచర్ చేతులకెల్లి చాక్‌పీసు జారింది. బార్కస్‌కెల్లి వచ్చిన పెద్దమనుషులు, తాతల సంది అరబ్బుల ముచ్చట్లు తెలిసినోళ్లు, వాళ్లు గూడ 'తారిక్ భాయ్ ఉండంగ ఇగ మాతోటి పనేంది' అని చెప్పులేసుకున్నరు."

"అంతమాట అన్నరా?" రాజన్న పాలగిన్నె మీది నుంచి తలెత్తాడు.

"అన్నరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరగకముందే క్లాసుల కూసొని గల్ఫ్‌ల ఉన్న మా దోస్తుకు ఫోన్ కలిపిన. వాడు ఆడ మంత్రి కారు నడుపుతడు. స్పీకర్ పెట్టిన. మన హరిప్రియ లేసి, 'చాచా, మీ తాన వాగు లేదాయె, వాన లేదాయె, నీళ్లు ఏడికెల్లి తాగుతరు?' అని అడిగింది. వాడు గుటకలు మింగిండు. వెనక సీట్ల మంత్రి కూసున్నడు. 'ఎవరా పిల్ల, ఇటియ్యి' అని ఫోన్ గుంజుకున్నడు."

"మంత్రి చెప్పిండా మరి?"

"ఆయనకొస్తే గద! కారు పక్కకు ఆపిచ్చి ఇంకో మంత్రికి కొట్టిండు, ఆయనకు రాలె, ఆయన ఇంకొకాయనకు కొట్టిండు, అట్ల కొట్టుకుంట కొట్టుకుంట పోతే ఆఖరుకు రాజు లైన్ల కొచ్చిండు. 'బేటీ, నాకు వారం టైం ఇయ్యి, చదువుకొని వస్త' అన్నడు."

"అమ్మో! రాజే?"

"రాజే. వారానికి వచ్చిండు, చూస్తే సగమే చదివిండు. సలీమా టీచర్ సంగతి నీకెర్కనే, ఆమెకు రాజైనా ఒకటే, రాజన్నైనా ఒకటే. 'ఇంట్ల పెద్దోళ్లను తోల్కొని రాపో' అన్నది. ఇగ ఏం చేస్తడు, పాపం, ముసలి తల్లిని వీడియోల కూసోబెట్టిండు. ఆమె కొంగు అడ్డం పెట్టుకొని, 'ఇంట్ల గూడ గిట్లనే టీచరమ్మా, పుస్తకం ముట్టడు, నాలుగు దెబ్బలెయ్యి' అని ఏడ్చింది."

ఉమాపతి గడియారం చూసుకున్నాడు. "తారిక్ గారూ, అక్కడ మరి..."

"ఆడికే వస్తున్న సాబ్. ఈ ముచ్చట పక్క రాజ్యమోళ్లకు తెలిసింది. ఇద్దరికి సముద్రం మీద లొల్లి, నలభై ఏండ్ల సంది తెగుతలేదు. మ్యాపు మన బడికి పంపిన్రు. నేను పిల్లల ముందట పరిచిన, గీత కొట్టుండ్రి అన్న. కొడుతుంటే స్కేలు జర జారింది, గీత వంకర పోయింది. తెల్లారి చూస్తే ఓడలన్ని ఆ వంకర కాడ మలుపు తిరుగుతున్నయ్! ఒక దీవి గీతకు అడ్డమొచ్చిందని పక్కకు జరిగింది."

"దీవి జరిగిందా భాయ్!"

"మర్యాద తెల్సిన దీవి. అది చూసి ఇంకో అయిదు దేశాలు కలిసినయ్, ఇప్పుడు ఏడు దేశాలు మన బడి కిందికే వచ్చినయ్. మన బెల్లు కొడితేనే ఆడ ఆఫీసులల్ల ఇంటర్వెల్. మొన్న అటెండర్‌కు జెరమొచ్చి బెల్లు కొట్టలె. ఏడు దేశాల జనం మాపటిదాక అన్నం ముట్టలె. విమానాలు దిగమని చెప్పేటోడు ఆకలికి సొమ్మసిల్లి పడిపోయిండు, అవి మొగులుల గద్దల లెక్క తిరుగుతున్నయ్. అందరు నాకే ఫోన్లు, 'తారిక్ భాయ్, నీకు దండం పెడ్తం, ఒక్క దెబ్బ కొట్టు.' గోడ దునికిన, కొట్టిన. ఆ బుక్క నమిలిన చప్పుడు, రాజన్నా, పురానాపూల్ దాక ఇనొచ్చింది!"

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. రాజన్న చూసుకోలేదు.

"అయిందా తారిక్ గారూ?" అన్నాడు ఉమాపతి.

"ఇంక సగం ఉన్నది సాబ్."

"అది అక్కడే ఉంచండి. మా హరిప్రియ ప్రదర్శన అయిపోయింది."

"అయిందా? ముగ్గురు లేసి చప్పట్లు కొట్టుంటరు!"

"లేదండి. మీరు క్లాసులో చెప్పినవన్నీ పిల్ల చార్టు మీద రాసింది. అక్కడ ఒంటెలకు లైసెన్సు పరీక్ష ఉంటుందని, ఎండాకాలం నీడను గజాల లెక్కన కిరాయికిస్తారని. పరిశీలకుల్లో ఒకావిడ అంతా ఓపిగ్గా విని ఒక్కటే అడిగారు. 'బాగుంది పాపా, ఇది ఏ దేశం?' అని."

తారిక్ చేతిలో సాసర్ ఆగిపోయింది.

"పిల్ల చార్టు పైనుంచి కిందదాకా చూసుకుంది. ఎక్కడా పేరు లేదు. ఏడాది పొడుగునా మీరు 'మా తాన', 'ఆడ' అన్నారే గాని, పేరు చెప్పలేదు. సలీమా టీచర్ అడగబోతే, పెద్దమనిషి మాట దిద్దితే ఇజ్జత్ పోతుందని బస్తీవాళ్లు ఆపారట."

"పిల్ల... ఏడ్చిందా సాబ్?"

"ఏడిస్తే బాగుండేది. 'మా తారిక్ చాచాకు తెలుసు, పద్దెనిమిదేళ్లు అక్కడే ఉన్నారు, ఆయన్నే పిలిపిస్తాను' అని ధీమాగా చెప్పింది. వాళ్లు సరేనన్నారు. మీరొచ్చి పేరు చెబితేనే కార్యక్రమం ఉంటుందో పోతుందో తేలుస్తారట. మిమ్మల్ని పిలుచుకు వెళ్లడానికే వచ్చానండీ. నోరు విప్పడానికి సందు దొరక్క నిలబడ్డాను."

"పద్దెనిమిదేండ్లా?" రాజన్న స్టవ్ వదిలేసి బయటికొచ్చాడు. "ఎప్పుడు భాయ్? ఇరవై ఏండ్ల సంది దినాం పొద్దుగాల నా కాడనే గద చాయ్ తాగుతున్నవ్!"

తారిక్ తల తిప్పాడు. రోడ్డవతల గేటు ఊచల వెనక హరిప్రియ నిలబడి ఉంది. ఆయన్ని చూడగానే రెండు చేతులూ ఊపింది. వెనక్కి తిరిగి, అదుగో ఆయనే అన్నట్టు లోపలివాళ్లకు వేలుపెట్టి చూపించింది.

"సాబ్," అన్నాడు తారిక్, "ఒక్క నిమిషం ఆగుండ్రి. జర ఆలోచన చేసుకోనియ్యిండ్రి."

ఉమాపతి ఆయన చేతిలోని సాసర్ తీసి బెంచీ మీద పెట్టి, చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దండీ. మీరు ఆలోచిస్తే ఇంకో దేశం పుడుతుంది. పదండి."